ఊపిరితిత్తులలోని పొదుపరి కణములు

రంపచోడవరం అడవిలో రాలిన ఆకు వృథా కాదు. కుళ్ళి చెట్టుకే ఎరువగును. మన కణములలోను ఇట్టి ఏర్పాటు కలదు. 1955లో బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్ జీర్ణరసములు నిండిన సూక్ష్మమైన తిత్తులను గుర్తించి, లైసోసోములని పేరిడెను. కణము తన పాత భాగములను తానే వానిలో అరిగించుకొను క్రియను 1963లో 'ఆటోఫజీ', అనగా స్వభక్షణము, అనెను. ఆ తిత్తుల ఆమ్లత్వమును నిలుపు శక్తి ఏటీపీ నుండి వచ్చును. దానిని 1929లో కండరములనుండి వేరుచేసినవారిలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

అదే 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కుమారుడు నెలలు నిండక పుట్టి, రెండు రోజులు గడువకమునుపే ఊపిరాడక మరణించెను. ఇట్టి శిశువులలో గాలి గదులను ముడుచుకొననీయని పదార్థము చాలదని ఏవరీ, మీడ్ 1959లోనే చూపిరి.

ఈ రెండు కథలును ఒకచోట కలియును. గాలి గదులలోని రెండవ రకపు కణములే ఆ పదార్థమును తయారుచేయును. అవి దానిని పొరలుగా దాచు సంచులు లైసోసోముల జాతివే. వాడిన పదార్థములో చాలభాగమును ఆ కణములే తిరిగి గ్రహించి మరల వాడును. ఊపిరితిత్తి దెబ్బతిన్నచో అవే వృద్ధిచెంది, పలుచని గోడ కణములుగా మారును. ఎలుకలలో ఆ కణముల ఆటోఫజీని ఆపినపుడు ఈ మరమ్మతు కుంటుపడినది.

1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తులనుండి తీసిన పదార్థమును శిశువుల శ్వాసనాళములో పోసి ఫలితము సాధించెను. అట్లు పోసినదానిని సైతము శిశువు కణములు పారవేయక మరల వాడుకొనును.