కర్పూరం, చేప పొలుసు, కాస్త సిరా

మొదట్లో ఇంకు పెన్నులు దాదాపు అన్నీ నల్లగానే ఉండేవి. అది ఎవరి అభిరుచీ కాదు, రబ్బరు గుణం. చెట్టు పాల నుంచి తీసిన రబ్బరులో సుమారు మూడో వంతు గంధకం కలిపి గంటల తరబడి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడుతుంది. దాన్నే ఎబొనైట్ అంటారు. సిరాలోని ఆమ్లం దాన్ని తినెయ్యదు, లేత్ మీద చక్కగా తిరుగుతుంది, చేతిలో చల్లగా తగలదు. 1884లో న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నాక ఫౌంటెన్ పెన్ను నమ్మదగిన సరుకైంది. అప్పటి నుంచి నలభై ఏళ్ళ పాటు పెన్నుల కంపెనీలకు ఎబొనైటే దిక్కు.

చిక్కల్లా రంగుతోనే. ఏ రంగు కలిపినా గంధకం దాన్ని మింగేసేది. తట్టుకుని నిలిచింది ముఖ్యంగా ఇంగిలీకం. అది స్వయంగా పాదరసమూ గంధకమూ కలిసిన పదార్థం కాబట్టి ఇంకొంచెం గంధకం తోడైనా దానికి పోయేదేమీ లేదు. అందుకే ఆనాటి పెన్నుల్లో నలుపు తర్వాత ఎక్కువగా కనిపించేది ఇటుక ఎరుపే.

సోకులు కావాలన్నవాళ్ళకు కంపెనీలు పైన నగలు తొడిగేవి. వెండి తీగ అల్లిక, బంగారు రేకు, ముత్యపు చిప్ప పలకలు. పార్కర్ కంపెనీ ఒక పెన్నుకు వెండి పామును చుట్టించి, దాని కళ్ళలో పచ్చలు కూడా పొదిగించింది. అవి డబ్బున్న ఇళ్ళలో బల్ల మీద ఉండేవి. చాకలి పద్దు రాయడానికి పామును ఎవరూ బయటికి తియ్యరు. నేను చెప్పబోయే కథ ఆ నగలది కాదు. మెరుపు పెన్ను ఒంట్లోకే ఎలా దిగింది, రోజువారీ రాతలోకి ఎలా వచ్చింది అన్నది.

ఎబొనైట్‌కు ఇంకో తెగులుంది. ఎండా తేమా తగిలితే పైపొర చెడి, నలుపు కాస్తా పాత గొడుగు బట్ట రంగుకు తిరుగుతుంది. ఈ వెలిసిపోవడాన్ని జపాన్‌లో ఒకాయన సీరియస్‌గా పట్టించుకున్నాడు. టోక్యోలో నౌకావిద్య పాఠాలు చెప్పిన నమికి ర్యోసుకే, సహచరుడు వాదా మసావోతో కలిసి 1918లో పెన్నుల కంపెనీ పెట్టాడు. నేటి పైలట్ కంపెనీకి మూలం అదే. వెలిసిపోయే ఎబొనైట్‌కు విరుగుడుగా 1920ల నడుమ ఉరుషి పూత వేయించాడు. ఉరుషి ఒక చెట్టు పాలు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పురుగు ఇచ్చేది, ఇది మాను ఇచ్చేది. పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. ఆరబెట్టడానికి దీనికి పొడి గాలి పనికిరాదు, తేమ కావాలి. ఒకసారి గట్టిపడిందంటే మాత్రం రంగు పోనివ్వదు.

పూత వెయ్యడం మొదలయ్యాక జపాన్ వాళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? శతాబ్దాలుగా పెట్టెల మీద, గిన్నెల మీద చేస్తున్న మకి-ఎ పనిని పెన్నుల మీదికి తెచ్చారు. ఆ మాటకు అర్థం చల్లిన బొమ్మ. మనం ముగ్గుతోనే గీత గీస్తాం. వాళ్ళు ముందు తడి ఉరుషితో గీత గీసి, ఆరకముందే దాని మీద సన్నటి బంగారు పొడి చల్లుతారు. అంటుకున్నది బొమ్మవుతుంది, మిగిలింది దులిపేస్తారు. పైన మళ్ళీ పూత, మళ్ళీ బొగ్గుతో మెరుగు, ఇలా నెలలు పడుతుంది. 1930లో డన్‌హిల్ కంపెనీ ఈ పెన్నులను లండన్, పారిస్‌లలో అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. సోకు కోసం పుట్టిందని లోకం అనుకునే ఈ పనికి పెన్ను మీద చోటు దొరికింది రంగు వెలవకుండా కాపాడే పూత వల్ల. ఈ కథ పొడుగునా అదే తంతు కనిపిస్తుంది. మెరుపు ప్రతిసారీ పనివాడి వేషంలోనే లోపలికి వచ్చింది.

అమెరికాలో అది కర్పూరంతో వచ్చింది.

దూదిని ఆమ్లాల్లో నానబెడితే తుపాకి మందయ్యే పదార్థం తయారవుతుంది. దాని సాధు రూపానికి కర్పూరం కలిపి, వేడి చేసి, ఒత్తితే సెల్యులాయిడ్. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ జాన్ వెస్లీ హయట్ 1870 ప్రాంతంలో దీన్ని ఒక దారికి తెచ్చాడు. దువ్వెనలయ్యాయి, బొమ్మలయ్యాయి, సినిమా రీళ్ళయ్యాయి. పెన్నుల దాకా రావడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది. పాత సెల్యులాయిడ్ పెన్ను ఎక్కడైనా దొరికితే బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోండి, పూజగది వాసన వస్తుంది. నిప్పు మాత్రం చూపించకండి. ఇదీ హారతి కర్పూరంలాగే భగ్గుమంటుంది.

దీన్ని పెన్నుల్లోకి గట్టిగా లాక్కొచ్చినవాడు నగల వర్తకుడు. అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ మ్యాడిసన్ ఊళ్ళో వాల్టర్ షేఫర్‌కు నగల దుకాణం ఉండేది. పక్కన చిన్న మీట ఎత్తితే సిరా పీల్చుకునే ఏర్పాటుకు 1908లో పేటెంటు తీసుకున్నాడు. 1912లో దుకాణం వెనక గదిలో ఏడుగురు పనివాళ్ళతో పెన్నుల తయారీ మొదలుపెట్టాడు. 1924లో జేడ్ రాయి రంగులో సెల్యులాయిడ్ పెన్ను దించాడు. ప్రకటనల్లో రంగు కంటే గట్టిదనం గురించే ఎక్కువ చెప్పుకున్నారు. కింద పడితే ఎబొనైట్ పగులుతుంది, ఇది పగలదు అని. కొనేవాళ్ళు మాత్రం ఆకుపచ్చను చూసి కొన్నారు. మూడేళ్ళ ముందే పార్కర్ కంపెనీ సేల్స్ మనిషి లూయిస్ టెబెల్ పట్టుబట్టి చేయించిన ఎర్రటి డ్యువోఫోల్డ్, 7 డాలర్ల ధర పెట్టినా అమ్ముడుపోయింది. రంగుకు జనం డబ్బు పెడతారని అప్పటికే తేలిపోయింది. 1926కల్లా డ్యువోఫోల్డ్ కూడా ఎబొనైట్‌ను వదిలి సెల్యులాయిడ్‌లోకి వచ్చేసింది.

రంగు వచ్చింది, తళుకు? దానికి చేపల దగ్గరికి వెళ్ళాలి.

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో జాకిన్ అని ఒక జపమాలల తయారీదారు ఉండేవాడట. చిన్న చేపలు కడిగిన నీళ్ళలో వెండిలా మెరిసే పొడి తేలడం చూసి, దాన్ని వడగట్టి, బోలు గాజు పూసల లోపల పూసి ముత్యాలుగా అమ్మాడని చెబుతారు. ఆ చేపల సారానికి తూర్పు సారం అని గొప్ప పేరు. ముత్యాలు వచ్చేది తూర్పు దేశాల నుంచి కదా మరి. పొలుసుల్లో మెరిసేది గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలుకులు. సముద్రపక్షుల రెట్టలో, అంటే గ్వానోలో, ముందుగా దొరికింది కాబట్టి ఆ పేరు. మన జన్యువుల రాతకు నాలుగే అక్షరాలున్నాయంటారు చూడండి, అందులో ఒకటి ఇదే. పెన్నుకు మెరుపు ఇచ్చింది కూడా ఒక అక్షరమేనని తెలిసిన రోజు నేను కాసేపు చదవడం ఆపేశాను.

అమెరికా తూర్పు తీరంలో, మెయిన్ రాష్ట్రంలోని సార్డిన్ డబ్బాల ఫ్యాక్టరీల దగ్గర హెర్రింగ్ చేపల పొలుసులు గుట్టలు పడేవి. వాటి నుంచి ముత్యపు సారం తీసేవాళ్ళు. దాన్ని సెల్యులాయిడ్‌లో కలిపి ఒత్తితే ఆ పలుకులు అద్దం ముక్కల్లా లోపల ఒరిగి కూర్చుంటాయి. వెలుగు పైన తగిలి తిరిగిపోకుండా కొంత లోతుకు దిగి అక్కడి నుంచి తిరిగొస్తుంది. అందుకే సెల్యులాయిడ్ మెరుపుకు లోతుంటుంది. పట్టు చీర మడతను వేళ్ళ మధ్య తిప్పినట్టు, పెన్నును తిప్పిన కొద్దీ వెలుగు చోటు మారుతుంది.

నన్నడిగితే ఈ కళకు శిఖరం పార్కర్ వ్యాక్యుమాటిక్. 1933లో వచ్చింది. ముత్యపు సెల్యులాయిడ్ రేకు ఒకటి, గాజులా పారదర్శకమైన రేకు ఒకటి, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి, నొక్కి, అందులోంచి కడ్డీలు కోసి తొలిచారు. ఫలితంగా పెన్ను నిలువునా మెరిసే ఉంగరాలు పేర్చినట్టుంటుంది. చూసినవాళ్ళు సోకనుకుంటారు. అసలు ఉపాయం పారదర్శకమైన ఉంగరాలలో ఉంది. దీపం వైపు పెట్టి చూస్తే లోపల సిరా ఎంత మిగిలిందో తెలుస్తుంది. అంతకు ముందు చాలా పెన్నుల్లో రబ్బరు తిత్తి ఉండేది, పరీక్ష మధ్యలో ఆగిపోతే తప్ప సిరా అయిపోయిందని తెలిసేది కాదు. ఇది చూపించడానికీ మురిపించడానికీ ఒకే చార వాడుకుంది. అంత పొదుపైన అలంకారం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇదే కాలంలో గోదావరి ఒడ్డున ఒక కంసాలి చేతులు పెన్ను పని పట్టాయి. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు బంగారప్పని తెలిసిన మనిషి. పూర్తిగా స్వదేశంలో తయారైన వస్తువు కావాలన్న గాంధీగారి మాట పట్టుకుని 1930ల మొదట్లో పెన్నులు చెయ్యడం మొదలుపెట్టారు. తన సహచరుడు కుమారప్పగారి ద్వారా చేరిన పెన్ను వాడి చూసి, బాగుందని గాంధీ 1935 జులైలో ఉత్తరం రాశారు. అయోవా నగల వర్తకుడు జేడ్ రంగు వెంట వెళ్తే, రాజమండ్రి కంసాలి నల్ల ఎబొనైట్ దగ్గరే నిలబడ్డారు. అక్కడ అలంకారం కంటే పెద్ద పట్టుదల ఒకటుంది మరి. అయినా ఆ నలుపును దగ్గరగా చూస్తే లేత్ మీద చేత్తో తీసిన మెరుగు వేరే రకంగా కనిపిస్తుంది, నూనె రాసిన గ్రానైటులా. తళుకంటే మినుకు మినుకుమనేదే కానక్కరలేదు.

1945 అక్టోబర్ 29న న్యూయార్క్ గింబెల్స్ దుకాణంలో 12.50 డాలర్లకు బాల్ పెన్ను అమ్మకానికి పెట్టారు. జనం ఎగబడ్డారు. తొలి రోజుల బాల్ పెన్నులు కారేవి, ఆగిపోయేవి, అయినా ఇరవై ఏళ్ళు తిరిగేసరికి రోజువారీ రాతంతా వాటిదే. ఫౌంటెన్ పెన్ను చెయ్యాల్సిన పని పోయింది. పని పోయినవాడికి వేషమూ అక్కర్లేదు. ఇక సోకు సోకుగానే బయటపడొచ్చు.

అదే సమయంలో మెరుపు ముడిసరుకూ మారింది. చేపల బదులు అభ్రకం. అభ్రకం పొరలు పొరలుగా విడుతుంది. ఆ పలుచటి పలుకులకు టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యపు మెరుపు వస్తుంది. పూత మందం కొంచెం మారిస్తే రంగు మారుతుంది, వాన రోడ్డు మీద పడిన పెట్రోలు చుక్కలో రంగులు తిరిగినట్టు. గూడూరు, సైదాపురం వైపు పుట్టినవాళ్ళకు అభ్రకం గురించి చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా గనుల చుట్టుపక్కల నేలే ఎండలో తళతళలాడుతుంది. ఇప్పటి రెసిన్ పెన్నుల్లో, కార్ల రంగుల్లో, లిప్‌స్టిక్కుల్లో మెరిసేది చాలావరకు ఈ కుటుంబం సరుకే. ఈ మధ్య వస్తున్న కొన్ని పెన్నులను చూస్తే నాకు పెళ్ళి స్టేజీ గుర్తొస్తుంది, ఎక్కడా కంటికి ఖాళీ ఉండదు. కానీ చీకటి నీలం రెసిన్‌లో అక్కడొకటి ఇక్కడొకటిగా వెండి పలుకులు చల్లిన పెన్ను ఉంటుంది చూశారూ, దాని ముందు నా తర్కం నిలబడదు.

అటువంటిదే ఒకటి మా అమ్మాయి నా పుట్టినరోజుకి కొనిపెట్టింది. పాల లెక్క, కరెంటు బిల్లు నంబరు, బజారు చీటీ, అన్నీ దాంతోనే రాస్తాను. బ్యాంకులో ఫారం నింపుతుంటే కౌంటరులోని అమ్మాయి, “అంకుల్, అంత మంచి పెన్ను ఇలాంటివాటికి వాడేస్తారా?” అంది. మరి దేనికి వాడాలి? ముక్కుపుడక ఎంత మెరిసినా పెట్టుకున్న మనిషికి కనిపించదు, ఎదుటివాళ్ళకే ఆ సుఖం. పెన్ను అలా కాదు. ఎదుటివాళ్ళకు మన పిడికిలే కనిపిస్తుంది. మాట కోసం ఆగి వేళ్ళ మధ్య తిప్పుకునేటప్పుడు ఆ మెరుపు రాసేవాడి కంటికే. అది పాల లెక్కలోనూ అంతే, ప్రేమలేఖలోనూ అంతే. పాల లెక్కే ఎక్కువసార్లు రాస్తాం కాబట్టి లాభం అక్కడే ఎక్కువ.

పెన్నుతో ఆగక సిరాలోనూ మెరుపు పెట్టారు. 1670లో మొదలైన జె. ఎర్బన్ అనే ఫ్రెంచి సిరా కంపెనీ గత దశకంలో బంగారు రేణువులు తేలే సిరాలు తెచ్చింది, తర్వాత ఇంకా చాలామంది తెచ్చారు. సీసా కాసేపు కదలకుండా ఉంటే మెరుపంతా అడుగుకు దిగిపోతుంది. పోసుకునే ముందు దగ్గుమందు సీసాలా తిప్పాలి. పాళీ కింద వెంట్రుకవాసి సందుల్లోంచి సిరా దానంతటదే పాకుతూ రావాలి కదా, ఆ సందుల్లో రేణువులు ఇరుక్కుంటే పెన్ను మూగబోతుంది. అందుకని రెండు వారాలకొకసారైనా పెన్నును విప్పి గోరువెచ్చని నీళ్ళలో కడగాలి. నేను ఆదివారం పొద్దున ఆ పని పెట్టుకుంటాను. నీలం పోతుంది, రేణువులు మాత్రం వాష్‌బేసిన్ అంచున మిగిలిపోతాయి. సోమవారం పనమ్మాయి వచ్చి, తోమిన గిన్నె మీద ఒకటి మెరుస్తుంటే గోటితో తీసి చూస్తూ, “అమ్మా, మీ ముక్కుపుడక రాయి ఊడిందేమో చూసుకోండి” అని కేకేస్తుంది.