పాతబస్తీలో కొత్త ఇల్లు: ధరకు ముందు దస్తావేజు చూడాలి

హైదరాబాద్: మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీలో తాతల నాటి ఇంటిని పిల్లలు పంచుకుని సర్దుకోవడం తరతరాలుగా సాగిన ఆనవాయితీ. నాలుగు తరాలు గడిచేసరికి పంచుకోవడానికి గదులు మిగలడం లేదు. గల్ఫ్ సంపాదనను, చిట్టీల సొమ్మును, ఆడవారి ఒంటిమీది బంగారాన్ని పోగేసి కొత్త ఇంటి కోసం వెతికే కుటుంబాలకు నగరం పడమటి దిక్కున ధరలు అందనంత ఎత్తులో ఉన్నాయి. అందుచేత వారి చూపు మొగల్‌పురా, యాకుత్‌పురా, శాలిబండ గల్లీల్లో పాత కట్టడాలను కూల్చి లేపుతున్న మూడు, నాలుగంతస్తుల భవనాలపైన, లేదా దక్షిణంగా చాంద్రాయణగుట్ట, బండ్లగూడ, బాలాపూర్, జల్‌పల్లి, పహాడీషరీఫ్ వైపు విస్తరిస్తున్న కాలనీలపైన పడుతున్నది.

ఇక్కడ ధర తక్కువగా ఉండటానికి కారణాలు ఉన్నాయి. ఇరుకు దారి, దూరం వంటివి కంటికి కనిపించేవి. హక్కు పత్రాల్లో లోపం, చెరువు శిఖం, అనుమతి లేని అంతస్తు కనిపించనివి. మొదటి రకం కారణాలతో ధర తగ్గితే అది కొనేవారికి లాభమే. రెండో రకంతో తగ్గితే జీవితకాలపు కూడిక మొత్తం ప్రమాదంలో పడుతుంది.

నోటరీ కాగితం హక్కు పత్రం కాదు

పాతబస్తీలో చేతులు మారిన ఇళ్లలో గణనీయమైన భాగం నోటరీ పత్రాల మీదనే మారాయి. స్టాంపు పేపరుపై రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, నోటరీ ముద్ర వేయించుకుంటే క్రయం పూర్తయినట్లేనన్న భావన బలంగా పాతుకుపోయింది. చట్టం అలా చెప్పదు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారానే జరగాలి. నోటరీ చేసేది సంతకం చేసిన వ్యక్తిని గుర్తించడమే తప్ప హక్కును బదలాయించడం కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే ‘అమ్మకాలు’ యాజమాన్య హక్కును ఇవ్వవని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

నోటరీ ఇళ్లను గట్టెక్కించే ప్రయత్నం జరగకపోలేదు. పట్టణ ప్రాంతాల్లో నోటరీ పత్రాలపై ఉన్న స్థలాల క్రమబద్ధీకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2023 జులైలో 84వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. 125 గజాల వరకు స్టాంపు సుంకం నుంచి మినహాయింపు అందులోని ప్రధానాంశం. ఆ ఉత్తర్వు హైకోర్టులో సవాలుకు గురైంది. కనుక ‘నేడో రేపో రెగ్యులరైజ్ అవుతుంది’ అని అమ్మకందారు ఇచ్చే మాటకు ధర కట్టరాదు. రిజిస్ట్రేషన్ ఎందుకు చేయలేకపోతున్నారని నిలదీసి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. స్థలం నిషేధిత జాబితాలో ఉండవచ్చు. వారసుల మధ్య పంపకం జరగకపోయి ఉండవచ్చు. అనధికార లేఅవుట్‌లోని ముక్క కావచ్చు. సుంకం మిగుల్చుకోవడానికే అన్న సమాధానం వస్తే, ఆ సుంకం తామే భరిస్తామని కొనేవారు ప్రతిపాదించి చూడవచ్చు. నిజం అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

వారసులు ఎందరు, ఎక్కడ?

గల్లీలోని పాత ఇల్లు కూల్చి కట్టిన భవనంలో అంతస్తు కొనేవారు మొదట తెలుసుకోవలసింది ఆ ఇల్లు ‘మత్రూకా’ అవునా కాదా అన్నది. మరణించినవారు విడిచి వెళ్లిన, వారసుల మధ్య ఇంకా పంపకం కాని ఆస్తికి ఇక్కడి వాడుకలో ఆ పేరు. ముస్లిం వారసత్వ న్యాయం ప్రకారం కుమారునికి వచ్చే వాటాలో సగం కుమార్తెకు వస్తుంది. సంతానం ఉన్న భర్త మరణిస్తే భార్యకు ఎనిమిదో వంతు దక్కుతుంది. ఇద్దరు అన్నదమ్ములు బిల్డరుతో ఒప్పందం చేసుకుని, పెళ్లయి వెళ్లిన ముగ్గురు అక్కచెల్లెళ్ల సంతకాలు తీసుకోకపోతే, ఆ ఆడపడుచుల వాటా కొత్త భవనంలోని ప్రతి అంతస్తులోనూ ఉన్నట్లే. గౌలిపురా, లాల్‌దర్వాజా ప్రాంతాల్లోని హిందూ కుటుంబాల ఇళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్ట సవరణతో కల్పించగా, 2005లో కేంద్ర సవరణ దానిని దేశమంతటికీ విస్తరించింది.

నోటి మాటగా ఇచ్చే దానం, అంటే జుబానీ హిబా, పాతబస్తీ దస్తావేజుల్లో తరచుగా ఎదురయ్యే మరో అంశం. దీనిని చెల్లదని కొట్టిపారేయడం తప్పు. ఇస్తున్నట్లు ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, స్వాధీనం అప్పగింత అనే మూడు షరతులూ నెరవేరితే ముస్లిం వైయక్తిక న్యాయం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకున్నా అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో స్పష్టం చేసింది. చిక్కు నిరూపణలో ఉంది. తండ్రి చనిపోయిన తరువాత ఒక కుమారుడు చూపే హిబా పత్రాన్ని మిగిలినవారు కాదంటే ఆ వివాదం సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి సాగుతుంది. హిబాను ఆధారం చేసుకుని కొనేవారు మిగతా వారసులందరి చేత విక్రయ దస్తావేజుపై సమ్మతిదారులుగా సంతకాలు చేయించుకోవడమే క్షేమం. విదేశాల్లో ఉన్న వారసుడు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ పొందిందో లేదో, భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించారో లేదో చూడాలి. కింది అంతస్తులో పగిడీ ఇచ్చి దశాబ్దాలుగా దుకాణం నడుపుతున్న కిరాయిదారు ఉంటే అతనితో కుదిరిన ఒప్పందం కూడా లిఖితపూర్వకంగా ఉండాలి.

వక్ఫ్ ఆస్తుల సంగతి వేరు. దర్గా, మసీదు, ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్‌లకు అంకితమైన భూముల పక్కనే ప్రైవేటు ఇళ్లు అల్లుకుని ఉన్న నగరం ఇది. వక్ఫ్ భూమి విక్రయం 1995 నాటి చట్టం 51వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దేవాదాయ, ప్రభుత్వ భూములతో పాటు వక్ఫ్ భూములూ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. ఆ జాబితాను స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అనుమానం ఉంటే నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో గెజిట్‌తో సరిపోల్చుకోవాలి. అదే వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ దొరుకుతుంది. అంతకు ముందరి వివరాలకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఈసీలో నోటరీ లావాదేవీలు కనిపించవన్న సంగతి చాలామందికి తెలియదు. ఖాళీ ఈసీ నిష్కళంకమైన హక్కుకు రుజువు కాదు. పట్టణ సర్వే రికార్డు అయిన టీఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ స్థలం ఎవరి పేర, ఏ వర్గం కింద నమోదైందో చూసిన తరువాతే బయానా ఇవ్వాలి.

చెరువు ఎక్కడ ఉండేది?

శివారు కాలనీల్లో పత్రాలకన్నా ముందు నేల పల్లాన్ని పరిశీలించాలి. 2020 అక్టోబరు వర్షాలకు పల్లెచెరువు, బాలాపూర్ గుర్రంచెరువు కట్టలు తెగి అలీనగర్, హఫీజ్‌బాబానగర్ పరిసరాల్లోని ఇళ్లను నీరు ముంచెత్తింది. బండ్లగూడ మహమ్మదీయ హిల్స్‌లో ప్రహరీ కూలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. మునిగిన ఇళ్లలో సక్రమంగా రిజిస్టరైనవీ ఉన్నాయి. నీటికి దస్తావేజుతో పనిలేదు.

2012 నాటి 168వ నంబరు భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం సరిహద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్ల వరకు కట్టడాలు నిషిద్ధం. 10 మీటర్ల కన్నా వెడల్పైన నాలాలకు 9 మీటర్లు, చిన్న నాలాలకు 2 మీటర్లు విడవాలి. నగరపాలక పరిధిలో నది ఒడ్డు నుంచి 50 మీటర్ల హద్దు ఉంది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా ఈ నిబంధనలను ముందుపెట్టి కూల్చివేతలకు దిగింది. అదే ఏడాది మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లకు గుర్తులు వేసి, అక్కడివారిని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. దశాబ్దాలుగా పన్ను, కరెంటు బిల్లు కట్టిన రసీదులు ఆ ఇళ్లను నిలబెట్టలేకపోయాయి.

హెచ్‌ఎండీఏ రూపొందించిన చెరువుల పటాల్లో సర్వే నంబరు వారీగా పూర్తి నీటిమట్టం చూసుకునే వీలుంది. జల్‌పల్లి, షాహీన్‌నగర్ వంటి ప్రాంతాలు రంగారెడ్డి జిల్లాలోనివి కాబట్టి రెవెన్యూ రికార్డులు ఆ జిల్లా యంత్రాంగం వద్ద ఉంటాయి. వ్యవసాయ భూమి ఇంటి స్థలంగా మారిందో లేదో 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో పరిశీలించాలి. ఇవన్నీ చూసిన తరువాత కూడా పక్కింటి పెద్దవారిని 2020లో నీరు ఎక్కడి దాకా వచ్చిందని అడగడం మరువరాదు.

కట్టినదంతా అనుమతి ఉన్నది కాదు

రాష్ట్రంలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అక్కరలేదు; రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాలలోపు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది. ఈ వెసులుబాటుకు ఒక వెల ఉంది. ధ్రువీకరణకు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టం ఇచ్చింది. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు కట్టి, పై రెండింటినీ చవకగా అమ్మడం పాతబస్తీలో అరుదైన విషయం కాదు.

అటువంటి అంతస్తు కొంటే నేలలో వాటా కూడా కరిగిపోతుంది. 120 గజాల స్థలంలో నాలుగు అంతస్తులకు తలా 30 గజాల అవిభక్త వాటా వస్తుంది. అదే స్థలంలో ఐదో అంతస్తు లేస్తే అది 24 గజాలకు పడిపోతుంది; లేదా ఐదో అంతస్తు కొన్నవారికి నేలలో ఏమీ రాదు. దస్తావేజులో వాటా ఎన్ని గజాలన్నది అంకెల్లో రాయించుకోవాలి. 2015లో ప్రకటించిన భవనాల క్రమబద్ధీకరణ పథకం హైకోర్టులో చిక్కుకున్న ఉదంతం గుర్తుంటే, భవిష్యత్ పథకాలపై ఆశ పెట్టుకునేవారు ఒకసారి ఆగి ఆలోచిస్తారు.

తనఖా సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. 200 చదరపు మీటర్లకు మించిన స్థలాల్లో కట్టేవారు నిర్మాణ వైశాల్యంలో 10 శాతాన్ని నగరపాలక సంస్థ పేర తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదల అవుతుంది. తమకు చూపిన ఫ్లాటు ఆ తనఖా భాగంలోనిది కాదని ఈసీ ద్వారా నిర్ధారించుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూసిన తరువాతే బ్యాంకులు రుణం ఇవ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లు కూడా దానిని బట్టే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది.

గల్లీలో ఇల్లు చూసేటప్పుడు మెట్ల వెడల్పు, బయటకు ఎన్ని దారులు ఉన్నాయన్నవి కొలిచి చూడాలి. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్‌హౌజ్ వద్ద అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. ఆ భవనంలోకి, బయటకు ఇరుకైన దారి ఒక్కటే ఉంది.

ఖర్చు లెక్క

2021 జులై 22న సవరించిన రేట్ల ప్రకారం స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, వెరసి 7.5 శాతం. నిర్మాణంలో ఉన్న ఇంటికి జీఎస్టీ అదనం. హైదరాబాద్‌లో కార్పెట్ వైశాల్యం 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 645 చదరపు అడుగులు మించకుండా, ధర 45 లక్షల రూపాయల లోపు ఉంటే 1 శాతం. లేకుంటే 5 శాతం. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తరువాత కొంటే జీఎస్టీ లేదు. 40 లక్షల ఇంటికి సుంకాలు 3 లక్షలు, ఒక శాతం జీఎస్టీ 40 వేలు అవుతాయి. ‘కొంత తెలుపు, కొంత నలుపు’ అన్న బేరానికి ఒప్పుకుంటే బ్యాంకు రుణం కాగితం మీది ధరకే వస్తుంది. పైగా స్థిరాస్తి బయానాగా 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది.

తొలి ఇల్లు కొనేవారికి 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు మించరాదు. తొలి 8 లక్షల రుణంపై 4 శాతం చొప్పున గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయలు ఐదు వార్షిక వాయిదాల్లో జమ అవుతాయి. దేశంలో మరెక్కడా ఆ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు.

రెరా రక్షణ గల్లీ భవనాలకు సాధారణంగా వర్తించదు. స్థలం 500 చదరపు మీటర్లు, ఇళ్లు ఎనిమిది మించని ప్రాజెక్టులకు నమోదు మినహాయింపు ఉంది. బండ్లగూడ వంటిచోట్ల లేచే పెద్ద ప్రాజెక్టులకు నంబరు తప్పనిసరి. అక్కడ రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. చిన్న భవనాల కొనుగోలుదారులు ఇవే షరతులను ఒప్పందంలో రాయించుకోవచ్చు. వివాదం వస్తే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే మార్గం వారికి ఉంది.

రహదారి విస్తరణ గీతలను నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో అడిగి తెలుసుకోవాలి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్ మీదుగా సాగే ఈ మార్గంలో ఆస్తులు కోల్పోయేవారికి గజానికి 81 వేల రూపాయల పరిహారం నిర్ణయించారు. ఆ చెక్కు అందుకోవడానికీ హక్కు పత్రాలే చూపాలి.