మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్ కతోలిక విచారణల దానసేవ

కతోలిక చర్చి పాలనలో భక్తుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండే విభాగం విచారణ. ఒక దేవాలయం, ఒక విచారణ గురువు, నిర్ణీత హద్దుల్లో నివసించే కుటుంబాలు కలిస్తే అది విచారణ. అవసరంలో ఉన్నవారికి ఈ స్థాయిలో అందే సాయం గురించి, ముఖ్యంగా సికింద్రాబాద్‌కు ఈశాన్యాన ఉన్న మల్కాజ్‌గిరి, దాని చుట్టుపక్కల ప్రాంతాల నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆస్పత్రులు, బడులు, వృద్ధాశ్రమాల వంటి పెద్ద సంస్థల చరిత్ర కొంత నమోదైంది. విచారణలో ఇద్దరు మనుషులు సాయంత్రం ఒక ఇంటి తలుపు తట్టి కూర్చుని వచ్చే సేవకు రికార్డు దాదాపు ఉండదు. నిజానికి ఈ వ్యవస్థకు ప్రాణం అదే.

ప్రాంతం, ప్రజలు

సికింద్రాబాద్ కతోలిక సమాజం కంటోన్మెంటుతో పుట్టింది. నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ సైనిక పట్టణంలో ఐరిష్ సిపాయిలు చాలామంది కతోలికులు. వారి కోసం డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ గురువు 1840లో మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ దేవాలయం 1850లో పూర్తయింది. మర్ఫీ తరవాత ఆస్ట్రేలియా దగ్గరి టాస్మానియా దీవికి వెళ్లి హోబర్ట్ అగ్రపీఠాధిపతి అయ్యారు. దేవాలయానికి 2008లో బసిలికా హోదా దక్కింది. మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళులు, తరవాత రైల్వే కొలువుల్లోకి వచ్చిన ఆంగ్లో ఇండియన్లు, కోస్తా జిల్లాల నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ వలస వచ్చిన తెలుగు కుటుంబాలు, మలయాళీలు ఈ సమాజంలో చేరుతూ వచ్చారు. అందుకే ఇక్కడ ఒకే ఆదివారం ఒకే దేవాలయంలో ఇంగ్లిషులో, తెలుగులో, తమిళంలో పూజలు జరగడం మామూలే.

మల్కాజ్‌గిరి ఈ కలయికకు పొడిగింపు. ఒకవైపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మెట్టుగూడ క్వార్టర్లు. ఇంకోవైపు నేరేడ్‌మెట్ మిలటరీ కాలనీలు. మధ్యలో సఫిల్‌గూడ, ఆనంద్‌బాగ్, మిర్జాల్‌గూడ, మౌలాలి. కాచిగూడ నుంచి బొల్లారం మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలు మార్గం ఊరి మధ్య నుంచే పోతుంది. 2007లో మల్కాజ్‌గిరి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016లో మేడ్చల్ జిల్లాకు ఈ ఊరి పేరు కూడా జతపడింది. నియోజకవర్గాల పునర్విభజన తరవాత ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతిపెద్ద లోక్‌సభ స్థానంగా పేరు తెచ్చుకుంది. పింఛను మీద బతికే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, ఇళ్లలో పనిచేసే ఆమె, ఆటో నడిపే యువకుడు, అపార్ట్‌మెంటు కాపలాదారు ఒకే విచారణ హద్దుల్లో ఉంటారు. దాత, గ్రహీత ఒకే బెంచీ మీద కూర్చునే పరిస్థితి ఇది. ఇద్దరి పేర్లూ బయటికి రాకూడదన్న పట్టుదల దానసేవలో అంతగా ఉండటానికి కారణం కూడా ఇదే.

పరిపాలనపరంగా ఈ ప్రాంతం హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తుంది. 1886లో మేత్రాసనంగా, 1953లో అగ్రపీఠంగా ఏర్పడిన దీనికి 2021 జనవరి నుంచి పూల ఆంథోనీ అగ్రపీఠాధిపతి. 2022 ఆగస్టులో ఆయన కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితులు ఆయనే. సీరో మలబార్ సంప్రదాయానికి చెందిన మలయాళీలకు 2017లో మేత్రాసనంగా ఏర్పడిన శంషాబాద్ పీఠం వేరుగా ఉంది.

బాధ్యత ఎవరిది

1983 నాటి చర్చి ధర్మశాస్త్రం పేదల సాయాన్ని ఐచ్ఛికంగా వదల్లేదు. విచారణ గురువు కుటుంబాలను సందర్శించాలి. పేదలను, రోగులను, ఒంటరివారిని, సొంత ఊరు విడిచి వచ్చినవారిని ప్రత్యేకంగా వెతికి పట్టుకోవాలి అని 529వ సూత్రం చెబుతుంది. చర్చికి ఆస్తి ఉండటానికి చెప్పిన కారణాల్లో పూజ, సేవకుల పోషణతో పాటు దీనుల సాయం కూడా ఒకటి. ప్రతి విచారణలో ఆర్థిక మండలి తప్పనిసరి. ఆదివారం చందా ఆచారం ఇంకా పాతది: యెరూషలేములోని పేదల కోసం వారం మొదటి రోజున ఎవరికి వీలైనంత వారు తీసి పక్కన పెట్టుకోవాలని కొరింథీయులకు పౌలు రాశాడు.

ఆచరణలో ఒక్క ఫాదర్ వేల కుటుంబాలను చుట్టి రాలేరు. ఆ పని సామాన్య విశ్వాసుల సంఘాల మీద పడుతుంది. మరియ దళం రోగులను చూసి వస్తుంది. వాడవాడలా ఉండే చిన్న క్రైస్తవ సమాజాలు ఎవరింట్లో ఏం జరిగిందో ముందుగా పసిగడతాయి. పునీత అంతోని పేరిట మంగళవారం వచ్చే కానుకల్లో పేదల వాటా తీసే అలవాటు చాలా చోట్ల ఉంది. డబ్బు, సరుకులు, ఇంటింటి సందర్శన కలిపి ఒక పద్ధతిగా నడిపేది మాత్రం విన్సెంట్ డి పాల్ సభ.

విన్సెంట్ డి పాల్ సభ

1833 ఏప్రిల్ 23న పారిస్‌లో ఆరేడుగురు కలిసి మొదలుపెట్టిన సభ ఇది. ముందునిలిచిన ఫ్రెడెరిక్ ఓజనామ్‌కు ఆ రోజుకు సరిగ్గా 20 ఏళ్లు. మీ మతం ఒకప్పుడు గొప్పదే, ఇవాళ పేదలకు మీరు చేస్తున్నదేమిటని తోటి విద్యార్థులు నిలదీస్తే ఆ యువకుల దగ్గర జవాబు లేకపోయింది. అంతకు ముందు ఏడాదే పారిస్‌ను కలరా ఊడ్చేసింది. ముఫ్తార్ పేటలో పేదల మధ్య పనిచేస్తున్న రొజాలీ రాండ్యూ అనే సిస్టర్ వారికి ఏ ఇంటికి వెళ్లాలో, వెళ్లి ఎలా మాట్లాడాలో నేర్పారు. సిద్ధాంతం చెప్పింది విద్యార్థులైనా పని నేర్పింది ఆమె. సభ చరిత్ర చెప్పేవారు ఆ పేరును ఓజనామ్ పేరంత తరచుగా తలుచుకోరు. ఓజనామ్ 1853లో 40 ఏళ్లకే కన్నుమూశారు. 1997లో రెండవ జాన్ పాల్ ఆయన్ను ధన్యుడిగా ప్రకటించారు. సభ పేరులోని పునీతుడు విన్సెంట్ 17వ శతాబ్దపు ఫ్రెంచి గురువు. ఆయన పండుగ సెప్టెంబరు 27.

భారతదేశంలో సభ తొలి శాఖ 1863లో పుణెలో ఏర్పడింది. విచారణలోని శాఖ సాధారణంగా పదిపదిహేను మందికి మించదు. వారానికోసారి ప్రార్థనతో సమావేశం మొదలవుతుంది. గత వారం ఎవరు ఏ ఇంటికి వెళ్లారో, అక్కడ ఏం చూశారో చెబుతారు. ఎవరికి ఏమివ్వాలో అందరూ కలిసి నిర్ణయిస్తారు. చివర్లో ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరు ఎంత వేశారో పక్కవారికి తెలియదు. వేయలేనివారు ఉత్త చేయి పెట్టి తీసినా ఎవరికీ తెలియదు.

సందర్శనకు ఇద్దరు వెళ్తారు. ఒక్కరే వెళ్తే అపోహలకు చోటుంటుంది, నలుగురు వెళ్తే విచారణ కమిటీ తనిఖీకి వచ్చినట్టుంటుంది. అడిగినదానికంటే చూసినదే ఎక్కువ చెబుతుంది: గ్యాస్ బండ ఉందా, కిరాయి ఎన్ని నెలలు బాకీ, బడి ఈడు పిల్ల మధ్యాహ్నం వేళ ఇంట్లో ఎందుకుంది, మందుల చీటీ మీద తేదీ ఎప్పటిది. నెలనెలా సాయం అందే ఇంటిని దత్తత కుటుంబం అంటారు. ఆ ఇల్లు తన కాళ్ల మీద నిలబడగానే దత్తత ముగించి ఇంకో ఇంటిని తీసుకోవాలి. కాగితం మీద ఇది తేలిక. నడవలేని వృద్ధురాలి విషయంలో దత్తత ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఏడాది పొడవునా

అవసరాలకు ఒక పంచాంగం ఉంది. జూన్‌లో బడులు తెరిచే వేళ ఫీజులు, పుస్తకాలు. వానాకాలంలో జ్వరాలు, కారే రేకులు. 2020 అక్టోబరు మధ్యలో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు, అదే ఏడాది కరోనా లాక్‌డౌన్‌లో, అవసరం ఒక్కసారిగా పెరిగింది. క్రిస్మస్‌కు బట్టలు, సరుకులు. తపస్సుకాలంలో ఉపవాసంతో మిగిల్చినది పేదలకు చేరాలి. 2017 నుంచి నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ ప్రవేశపెట్టిన ప్రపంచ పేదల దినం కూడా తోడైంది. ఆ రోజు భోజనాలు పెట్టడం, ఫొటోలు దిగడం రెండూ జరుగుతాయి. రెండోది లేకపోయినా మొదటిదానికి లోటుండదు.

పంచాంగంలో లేనిది చావు. శవపేటిక, బండి, సమాధి తవ్వించే కూలి, ఆ రోజు ఇంటికి వచ్చినవారికి టీ, అన్నం: రోజు కూలి మీద బతికే ఇంటికి ఇది నెల సంపాదనను మించిపోతుంది. నగర శ్మశానవాటికల్లో స్థలం కరువై, ఉన్న కుటుంబ సమాధినే మళ్లీ తెరిచే పరిస్థితి వచ్చాక ఖర్చుతో పాటు తిరుగుడూ పెరిగింది. ఇలాంటప్పుడు వడ్డీ వ్యాపారి కంటే ముందు విచారణ మనిషి ఆ ఇంటికి చేరడమే ముఖ్యం.

సర్కారు పథకాలు విస్తరించాక సాయం స్వభావం మారింది. రేషన్ కార్డు ఉన్న ఇంటికి 2025 నుంచి సన్నబియ్యమే వస్తోంది కాబట్టి బియ్యం సంచి విలువ తగ్గింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. వృద్ధులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ఉంది. అయితే కిరాయి ఇళ్లు మారుతూ ఉండేవారికి చిరునామా రుజువు దొరకదు, కార్డు రాదు, కార్డు లేక మిగతావి రావు. దరఖాస్తు నింపిపెట్టడం, మీసేవకు వెంట వెళ్లడం, గాంధీ ఆస్పత్రిలో ఓపీ వరసలో నిలబడటం ఇప్పుడు సందర్శకుల పనిలో పెద్ద భాగం. సంచితో పోలిస్తే ఇది కనిపించని సాయం, ఫలితం మాత్రం దీనికే ఎక్కువ.

చుట్టూ ఉన్న సంస్థలు

విచారణకు చేతకానిచోట సిస్టర్ల సంస్థలు ఆదుకుంటాయి. ఇటలీలోని ట్యూరిన్ నుంచి సెయింట్ ఆన్స్ సభ కన్యస్త్రీలు 1871లో సికింద్రాబాద్ చేరారు. వారి బడులు నగరమంతా తెలిసినవే. జాన్ జుగాన్ 1839లో ఫ్రాన్స్‌లో ఒక అంధ వృద్ధురాలిని తన మంచం మీద పడుకోబెట్టడంతో మొదలైన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సభ సికింద్రాబాద్‌లోనూ వృద్ధాశ్రమం నడుపుతోంది. స్థిరాదాయం కూడబెట్టుకోకుండా బజారుకూ ఇళ్లకూ వెళ్లి అడిగి తెచ్చినదానితో ముసలివారిని పోషించడం వారి నియమం.

వైద్యంలో తెలుగు నేలకు పెద్ద పేరు మేరీ గ్లోరీది. ఆస్ట్రేలియా డాక్టరైన ఆమె 1920లో గుంటూరు వచ్చి జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభలో చేరారు. సిస్టర్లు వైద్యవృత్తి చేయకూడదన్న కాలంలో ఆమెకు రోము నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆస్పత్రుల సంఘంలో ఇప్పుడు 3,500కు పైగా సంస్థలున్నాయి. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లోని గన్‌రాక్ ఎన్‌క్లేవ్‌లోనే ఉంది. అయినా విచారణలోని రోగి దగ్గరికి ముందు వచ్చేది ఆ కార్యాలయం కాదు, పక్క వీధి మరియ దళం సభ్యురాలే.

డబ్బు, వివాదాలు

విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పెద్ద సంస్థలను ఇబ్బంది పెట్టింది. విదేశీ సొమ్మంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. నిర్వహణ ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించాలి. స్థానిక చందాతో నడిచే విచారణ దానసేవ మీద ఈ దెబ్బ నేరుగా పడలేదు. ఆదివారం పెట్టెలో పడే పది, యాభై రూపాయల నోట్లకు ఢిల్లీ ఖాతా అక్కర్లేదు.

సాయం వెనక మతమార్పిడి ఉద్దేశం ఉందన్న ఆరోపణ పాతది. విన్సెంట్ డి పాల్ సభ నియమావళి మతం, కులం, భావాలు చూడకుండా సాయం చేయమంటుంది. విచారణ మాత్రం సహజంగా తనవారినే ముందు ఎరుగుతుంది. పక్కింటి హిందూ, ముస్లిం కుటుంబాలకు సాయం ఎంత చేరుతుందన్నది శాఖ సభ్యుల పరిచయాల మీద ఆధారపడి ఉంటుంది. లోపలి విమర్శ ఇంకో రకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలోంచి తప్పించింది. తెలంగాణలో వారు బీసీ-సీ విభాగంలో, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. విచారణ పేదల్లో పెద్ద భాగం వారే. పిల్లవాడి ఫీజు కట్టడంతో సరిపెట్టుకుంటే ఆ హక్కు మాట ఎవరెత్తుతారని అడిగేవారు ఏ విచారణ మండలిలోనైనా ఒకరిద్దరుంటారు. వారి ప్రశ్న సమంజసమే. ఫీజు గడువు సోమవారమే అన్నది కూడా అంతే నిజం.

కొత్త సమస్య సభ్యులది. ఇరవై ఏళ్ల విద్యార్థి నిలబెట్టిన సభలో చాలాచోట్ల రిటైరైనవారే కనిపిస్తారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో నడివయసువారు ఆస్ట్రేలియాకు, తెలుగు కుటుంబాల్లో చదువుకున్నవారు అమెరికాకు వెళ్లిపోవడంతో డబ్బుకు లోటు లేని ఇళ్లలో కూడా మందులు తెచ్చిపెట్టేవారు, పక్కన కూర్చునేవారు అవసరమవుతున్నారు. ఇలాంటి ఇళ్లు దత్తత కుటుంబాల జాబితాలోకి రావు. వెళ్లి చూసి వచ్చే ఇళ్ల జాబితాలో వీటిని చేర్చుకోవడం విచారణల్లో మొదలైంది.