గన్నవరం నీటి వంతెన ఎవరిది?

వంతెనల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా శిలాఫలకం దగ్గర మొదలుపెట్టి శిలాఫలకం దగ్గరే ముగిస్తారు. ఎవరు కట్టించారు, ఎవరు ప్రారంభించారు అన్నంతటితో చరిత్ర అయిపోయిందనుకుంటారు. కోనసీమలోని పి. గన్నవరం పాత అక్విడక్టు భవిష్యత్తు గురించి ఆలోచించడానికి ఈ అలవాటు పనికిరాదు.

వైనతేయ గోదావరికి అడ్డంగా 49 కమానులు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. మామూలు వంతెన మీద బండ్లు నడుస్తాయి, దీని మీద కాలువ నడిచింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినా, రెండు గోదావరి పాయలకూ సముద్రానికీ నడుమనున్న నగరం దీవికి ఆ నీరు అందే దారి లేదు. ఆ కొరత తీర్చడానికే 1850ల తొలి సంవత్సరాల్లో హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యాన దీన్ని నిర్మించారు.

కుంఫిణీ ప్రభుత్వం ఈ ఖర్చు దయతో పెట్టలేదు. 1833 కరువులో రాజమండ్రి జిల్లా జనం మాడిపోయారు. ఆపైన శిస్తు పడిపోయింది. నీరిస్తే శిస్తు పెరుగుతుందన్న లెక్కే ఆర్థర్ కాటన్ వాదనకు బలమిచ్చింది. అయినా ఆ నీటితో మెట్ట చేలు మాగాణులైన మాటా నిజమే. ఈ రెండింటిలో ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెబితే అది చరిత్ర కాదు.

మూడో నిజం కూడా ఒకటుంది. జవహర్‌నగర్‌లో ఉంటూ కళాశాలలో తెలుగు చెప్పే నాకు దాన్ని గుర్తుచేసింది ఒక విద్యార్థిని. హైదరాబాదు మేడలకు ఇటుకలు మోసే తల్లి బిడ్డ ఆమె. కాటన్ ప్రస్తావన వచ్చినప్పుడు, "మరి సున్నం ఎవరు మోసిన్రు సార్?" అని అడిగింది. ఆనకట్ట పనికి కూలీలను కూడగట్టిన వీణెం వీరన్న పేరు చెప్పాను. గన్నవరంలో సున్నం మోసినవారి పేరు ఒక్కటీ చెప్పలేకపోయాను.

2000లో అక్కడ కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి పెట్టింది దొర పేరు కాదు. లంకల గన్నవరంలో ఆకలిగొన్న వారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు. మంచిదే. కాని పేరు మారినంతమాత్రాన బాధ్యత తీరదు.

పాత కట్టడాన్ని పడగొట్టవచ్చు, రంగులు వేసి విహారస్థలం చేయవచ్చు, రావిమొక్కలకు వదిలేయనూవచ్చు. ఏది చేసినా లంక రైతునూ కూలీనీ అడగకుండా చేస్తే అది కుంఫిణీ పద్ధతే. ముందు కమానులు పరీక్షించాలి, స్తంభాల మొదళ్ళను నది ఎంత కోసిందో చూడాలి. ఆ లెక్కలు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. నిలబడే కట్టడమైతే దాన్ని దేనికి వాడుకోవాలో, మరమ్మతు ఎవరి చేతిలో ఉండాలో ఆ సభే తేల్చాలి. ఏటా వరద భయంతో నది పక్కన బతికేది వాళ్ళు.

ఆ తరువాత శిలాఫలకం వేసుకోవచ్చు. దాని మీద మొదటి పంక్తి మాత్రం ఆ సున్నం మోసినవారిదై ఉండాలి.