బ్యాడ్ సెక్టార్లు: ముందు కాపీ, తర్వాతే రిపేరు

ఒక ఫోల్డర్ తెరవడానికి మునుపెన్నడూ లేనంత సమయం పడుతున్నా, ఫైళ్లు కాపీ అవుతూ ఒకేచోట ఆగిపోతున్నా హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు ఏర్పడ్డాయేమోనని అనుమానించాలి. చాలామంది వెంటనే విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను నడిపిస్తారు. బ్యాకప్ లేనప్పుడు ఆ తొందరే కొంప ముంచవచ్చు.

డిస్క్ పళ్లెంపై సమాచారం సెక్టార్లనే చిన్న భాగాల్లో ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో సెక్టార్ 512 బైట్లు, ఇప్పటివాటిలో ఎక్కువగా 4,096 బైట్లు. ప్రతిదానికీ పొరపాట్లను దిద్దే కోడ్ జతగా ఉంటుంది. ఆ కోడ్ కూడా సరిచేయలేనప్పుడు అది బ్యాడ్ సెక్టార్ అవుతుంది. రాస్తుండగా కరెంటు పోతే పళ్లెం బాగానే ఉన్నా డేటాకూ కోడ్‌కూ పొంతన కుదరదు. అలాంటి సెక్టార్ మళ్లీ రాస్తే మామూలైపోతుంది. ల్యాప్‌టాప్ కిందపడి పళ్లెం గీసుకుపోతే మాత్రం ఆ నష్టం శాశ్వతం.

చెడిన సెక్టార్‌ను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు. డిస్క్ తయారీలోనే కొన్ని అదనపు సెక్టార్లను దాచి ఉంచుతారు. పాడైన చోట కొత్తగా రాయాల్సి వచ్చినప్పుడు డిస్క్ దాన్ని పక్కనపెట్టి అదనపు సెక్టార్‌ను వాడుకుంటుంది. ఈ లెక్కంతా 'స్మార్ట్' నివేదికలో నమోదవుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని చూడవచ్చు. 5వ అంశం ఇప్పటికే మార్చిన సెక్టార్ల సంఖ్య, 197వది చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్నవాటి సంఖ్య. ఇవి పెరుగుతూ పోతే డిస్క్‌కు రోజులు దగ్గరపడ్డట్టే. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్కాన్‌లో తొలి లోపం బయటపడ్డ డిస్కులు ఆ తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం లోపం లేనివాటికన్నా 39 రెట్లు ఎక్కువ. అలాగని సున్నాలు చూసి నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆ అధ్యయనంలోనే, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికలేవీ ఇవ్వలేదు.

అందుకే మొదటి పని ఆ డిస్క్‌పై కొత్తగా ఏమీ రాయకుండా ఆపడం. రెండోది, దొరకని ఫొటోలు, పత్రాలతో మొదలుపెట్టి వేరే డిస్క్‌కు కాపీ చేయడం. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగలిగిన ప్రోగ్రాముల జోలికి పోనక్కర్లేదు. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే లైనక్స్‌లో డీడీరెస్క్యూ ఉంది. అది చెడ్డచోట మొండికేయకుండా ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, మిగిలినదాని కోసం తర్వాత వెనక్కి వస్తుంది. చెక్‌డిస్క్ 'ఆర్' ఆప్షన్ తీరు వేరు. అది నీరసించిన డిస్క్‌ను గంటల తరబడి ఆసాంతం చదివిస్తుంది, ఫైల్ సిస్టమ్‌ను పొందికగా ఉంచేందుకు అదే డిస్క్‌పై మార్పులూ రాస్తుంది. దాన్ని వాడితే కాపీ పూర్తయ్యాకే వాడాలి.

టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంటే ఇవేవీ చేయకూడదు. వెంటనే పవర్ తీసేసి, డేటా విలువైనదైతే రికవరీ నిపుణులకు ఇవ్వాలి. ఫ్రీజర్‌లో పెట్టే పాత చిట్కా లోపల తేమ చేరడానికే పనికొస్తుంది.

డేటా భద్రంగా బయటికొచ్చాక పాత డిస్క్‌కు క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ చేసి చూడవచ్చు. విండోస్ అప్పుడు డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. తర్వాత 197 సున్నాకు చేరి, 5 పెరగకుండా ఉంటే కరెంటు కోత వల్ల వచ్చిన లోపమే కావొచ్చు. అలాంటి డిస్క్‌ను పోయినా ఫర్వాలేదనుకునే సినిమాలకు వాడుకోవచ్చు. 5 పెరుగుతుంటే పక్కన పడేయాల్సిందే.