విలియం కేరీ ఇంట్లో తలుపేసిన గది

సేవలో ఉన్న పాస్టర్ తన ఇంటిని ఎలా చూసుకోవాలి? దీనికోసం 200 ఏళ్ల కిందటి ఒక ఇంట్లోకి తొంగి చూద్దాం.

విలియం కేరీ. మొదట చెప్పులు కుట్టారు, తర్వాత ఇంగ్లండ్‌లో బాప్టిస్ట్ పాస్టర్ అయ్యారు. 1814లో తెలుగు వ్యాకరణం రాసి బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించింది ఈయనే. మరి ఆయన భార్య డొరొతీ పేరు ఎంతమంది విన్నారు?

1793లో ఇండియా వెళ్దామంటే ఆమె ముందు రానంది. నిండు గర్భిణి మరి. కాన్పయ్యాక, చెల్లెలు తోడొస్తానంటే ఒప్పుకుని, చంటిబిడ్డతో ఓడెక్కింది. మరుసటి ఏడాదే అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది. భర్తని అనుమానించేది, అరిచేది. చివరికి గదిలో పెట్టి తలుపేయాల్సొచ్చింది. పక్క గదిలో కేరీ బైబిల్ అనువాదం చేస్తూనే ఉన్నారు. 1807లో ఆమె కన్నుమూసింది.

కేరీని తిట్టడం ఈజీ. కానీ అప్పట్లో ఆ జబ్బుకి సరైన వైద్యమే లేదు.

మరి పిల్లలు? 1800లో శ్రీరాంపూర్ చేరాక మిషనరీలంతా ఒకే చోట తిని, ఉమ్మడి ఖర్చుతో బతికారు. పట్టించుకునేవాళ్లు లేక దారితప్పుతున్న కేరీ కొడుకుల్ని హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్ చేరదీశారు.

పిల్లలకి తోడు దొరికింది, తల్లికి దొరకలేదు. పాస్టర్ ఒక్కడే టైమ్‌టేబుల్ వేసుకుంటే ఇల్లు నిలబడదు, చుట్టూ మనుషులుండాలి. ఈ ఆదివారం మీ పాస్టరమ్మగారిని ఒక్కమాట అడగండి: "అమ్మా, మీ ఒంట్లో ఎలా ఉంది?"