పాత బొంబాయి రోడ్డు (హైదరాబాద్)

పాత బొంబాయి రోడ్డు హైదరాబాద్ పడమటి శివార్ల చారిత్రక మార్గం. మెహిదీపట్నం వైపు నుంచి టోలిచౌకి, షేక్‌పేట, రాయదుర్గం, గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా సాగి, బీహెచ్‌ఈఎల్ ప్రాంతంలో నేటి ముంబయి జాతీయ రహదారిని కలుస్తుంది. గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు దీనికి చేరువలోనే ఉన్నాయి. నగర ఐటీ కేంద్రాలు దీనికి అటూ ఇటూ విస్తరించాయి.

నైసర్గిక స్వరూపం

ఈ మార్గం దక్కన్ పీఠభూమిలో వాన తక్కువ పడే రాతి నేల మీదుగా వెళ్తుంది. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో గట్టిపడిన ఈ శిల, పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలోకి దిగిన నీరు అంచులను అరగదీయడంతో బండ మీద బండ పేర్చినట్టుండే గుట్టలు ఏర్పడ్డాయి. ఖాజాగూడ గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు ఆకారపు రాయి వీటిలో పేరున్నవి. రాళ్ల సందుల్లో తుమ్మ, రేగు, సీతాఫలం పెరుగుతాయి.

కుతుబ్ షాహీల కాలం

గోల్కొండ కోటను నిలబెట్టింది ఈ గ్రానైటే. కొండ ఎత్తు రక్షణకు, కొండల నడుమ పల్లం చెరువులకు పనికొచ్చాయి. రాయదుర్గం పక్కనున్న దుర్గం చెరువు గోల్కొండ వాసులకు తాగునీరు ఇచ్చిన చెరువుగా ప్రసిద్ధి. వజ్రాల వ్యాపారం గోల్కొండకు దూరదేశాల వర్తకులను రప్పించింది. ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, తన యాత్రా గ్రంథంలో గోల్కొండ రాజ్యం గురించి రాశాడు.

ఆనాటి రాకపోకలకు మిగిలిన గట్టి ఆనవాలు షేక్‌పేట సరాయి. బాటసారులు, వర్తకులు బస చేసేందుకు గదులు, వారి జంతువులకు శాలలు ఉన్న రెండంతస్తుల కట్టడమిది. కోటకు తూర్పున ఇదే దారి కార్వాన్ మీదుగా పురానాపూల్ దాకా సాగేది. 1578లో కట్టిన ఆ వంతెన గోల్కొండను మూసీ అవతలి ఒడ్డుతో కలిపింది. 1687లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకోవడంతో కుతుబ్ షాహీల పాలన ముగిసింది.

విశ్వవిద్యాలయం నుంచి ఐటీ దాకా

ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి మారింది. అప్పటికి ఈ రోడ్డు పక్కన ఊళ్లు, రాళ్లు, బీళ్లే ఎక్కువ.

1998 నవంబరులో మాదాపూర్‌లోని ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించాక మార్పు వేగం పుంజుకుంది. 2008లో బాహ్యవలయ రహదారి తొలి భాగం గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య తెరుచుకోవడంతో శంషాబాద్ విమానాశ్రయానికి నేరు దారి ఏర్పడింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై తీగల వంతెన, 2022 జనవరి 1న షేక్‌పేట పైవంతెన వాడుకలోకి వచ్చాయి. ఒకప్పుడు బాట గుట్టలను చుట్టి వెళ్లేది. కొత్త రోడ్లకు, భవనాలకు గుట్టలనే పేల్చి చదును చేశారు.

శిలల పరిరక్షణ

గుట్టల విధ్వంసాన్ని అడ్డుకోవడానికి 1996లోనే ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. రాళ్ల గుట్టల మధ్య నడకలు నిర్వహిస్తూ, అరుదైన శిలలకు చట్టరక్షణ కోసం ఆ సంస్థ పనిచేస్తోంది. 2025లో విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి వివాదమైంది. అక్కడ చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. దీంతో ఈ మార్గం పక్కన మిగిలిన రాతి నేలను, పొదల అడవిని ఏం చేయాలన్న ప్రశ్న దేశవ్యాప్త చర్చగా మారింది.